నమ్మకం లేని రోజు కూడా మందు పనిచేస్తుంది

ప్రశ్న: నాకు ముప్పై ఏడేళ్లు. ఖమ్మం జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఐదేళ్ల కింద రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేల్చారు. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. గంటన్నర దాకా చాక్‌పీసు కాదు కదా, పళ్లు తోముకునే బ్రష్ కూడా పట్టుకోలేను. ప్రతి ఆదివారం మెథోట్రెక్సేట్ వేసుకోవాలి. ఆ పసుపుపచ్చ మాత్రలు చూస్తేనే కడుపులో తిప్పుతుంది. మధ్యలో చుట్టాలు చెబితే ఒక పొడి మందు వాడాను. వారంలోనే నొప్పులు మాయం. ఇక పోయిందనుకుని మాత్రలు మానేశాను. మూడో నెలకి ముఖం ఉబ్బింది, పొడి ఆపగానే మంచం పట్టాను. మళ్లీ మాత్రల దగ్గరికే వచ్చాను. మా ఆయన మంచివాడే, కానీ "నువ్వు నమ్మకం పెట్టుకోవు, అందుకే తగ్గట్లేదు" అంటాడు. మా మేనత్తకి 1980ల్లో ఇదే జబ్బు వచ్చి వేళ్లు వంకర్లు పోయాయి, చివరికి అన్నం కూడా ఎవరో ఒకరు కలిపి పెట్టాల్సి వచ్చేది. నా చేతులు చూసుకుంటే ఆమే గుర్తొస్తుంది. తొమ్మిదేళ్ల మా పాప "నాక్కూడా వస్తుందా అమ్మా" అని అడిగింది. తోటి టీచరు ఒకామె రెన్వార్ అనే చిత్రకారుడి కథ వాట్సాప్‌లో పంపి, "చూడు, ఆయన ఎలా గెలిచాడో" అంది. ఆశ పెట్టుకున్న ప్రతిసారీ ఒక ఎటాక్ వచ్చి పడేస్తోంది. కొన్ని రోజులు పొద్దున్నే అసలు లేవకపోతే బాగుండు అనిపిస్తుంది. ఆశ లేకుండా బతకడమే హాయేమో? అన్నట్టు, ఫిబ్రవరిలో మా బడి వార్షికోత్సవం. పిల్లల డ్యాన్సులు నన్నే చూసుకోమంటున్నారు. ఒప్పుకోవాలా? (పేరు రాయవద్దు.)

సమాధానం:

అమ్మా,

మీవారి మాటతో మొదలుపెడతాను. ఉత్తరంలో అన్నిటికన్నా అదే మిమ్మల్ని ఎక్కువ నొప్పించినట్టుంది. నమ్మకం పెట్టుకోకపోవడం వల్ల జబ్బు తగ్గట్లేదన్నది నిజం కాదు. మీ ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తోంది. ఆ దాడిని తగ్గించడం మెథోట్రెక్సేట్ పని. మీరు దాన్ని తిట్టుకుంటూ మింగినా, ఏడుస్తూ మింగినా, నాకు తగ్గదు పో అనుకుంటూ మింగినా దాని పని అది చేసుకుపోతుంది. వారానికోసారి వేసుకోవాలి, చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకోవాలి. డాక్టరు చీటీలో ఉన్నది అంతే. నమ్మకం ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అని ఎవరూ రాయలేదు.

దీర్ఘకాలపు జబ్బు ఉన్నవాళ్ల మీద మన ఇళ్లలో పడే రెండో బరువు ఇదే. జబ్బును మోయాలి, ఆపైన ధైర్యాన్నీ మోయాలి. తగ్గితే దేవుడి దయ, మందు చలవ, హస్తవాసి. తగ్గకపోతే మాత్రం రోగి మనసులో ఏదో లోపం. ఈ లెక్క ఎవరు కనిపెట్టారో గానీ చాలా అన్యాయమైన లెక్క. మీవారు చెడ్డ ఉద్దేశంతో అన్నారని అనుకోను. ఐదేళ్లుగా చూస్తూ కూడా ఏమీ చేయలేకపోతున్న మనిషి, చేయగలిగింది ఏదో ఒకటి ఉందని అనుకోవాలి కదా, అందుకని మీ నమ్మకాన్ని పట్టుకున్నారు. వచ్చేసారి డాక్టరు దగ్గరికి ఆయన్ని కూడా లోపలికి తీసుకెళ్లండి, బయట బెంచీ మీద కూర్చోబెట్టకండి. "ఈ జబ్బు నమ్మకం లేక పెరుగుతుందా సార్" అని ఆయన నోటితోనే అడగనివ్వండి.

కాబట్టి ఆశ పెట్టుకోవడం మీ డ్యూటీ కాదు. ముందు ఆ బరువు దించేయండి. ఆ తర్వాత ఆశ సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే దానికి కారణాలైతే ఉన్నాయి.

అంతకుముందు ఒక్క వాక్యం దగ్గర ఆగాలి. కొన్ని రోజులు పొద్దున్నే లేవకపోతే బాగుండు అనిపిస్తోందని రాశారు. అది అలసటతో అన్న మాటా, చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఉత్తరంలో నాకు తేలలేదు, అందుకే నేరుగా అడుగుతున్నాను. రెండోదైతే ఇది చదవడం ఆపి మీవారితో గానీ, మీరు బాగా నమ్మే ఇంకొకరితో గానీ ఈరోజే ఆ మాట చెప్పండి. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. మొదటిదే అయినా తేలిగ్గా తీసుకోవద్దు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో డిప్రెషన్ మామూలు వాళ్లకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. నిద్ర, ఆకలి, ఇష్టమైన పనుల మీద ఆసక్తి రెండు వారాలకు మించి పోయి ఉంటే దాన్నీ కీళ్ల నొప్పి అంత స్పష్టంగా డాక్టరుకు చెప్పండి. దానికీ వైద్యం ఉంది. అలసట విషయమూ అంతే, అది బద్ధకం కాదు. రక్తహీనత వల్ల కావచ్చు, నిద్రలేమి వల్ల కావచ్చు, జబ్బు అదుపులో లేక కావచ్చు. ఏది కారణమో చూడమని అడగండి.

ఇక మీ మేనత్తగారు. మీ భయమంతా ఆమె చేతుల్లో ఉంది. నాకు కనిపిస్తున్న ఆశ కూడా అక్కడే ఉంది.

ఆమెకు జబ్బు వచ్చిన రోజుల్లో ఏం ఇచ్చేవారో చూడండి. నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు, కొందరికి బంగారం ఇంజెక్షన్లు (పేరుకు కాదు, నిజంగా బంగారపు లవణాలే). మీరు విసుక్కుంటున్న మెథోట్రెక్సేట్‌కు ఈ జబ్బులో వాడటానికి అమెరికాలో అనుమతి వచ్చిందే 1988లో. వాపును పుట్టించే ఒక్కొక్క రసాయనాన్ని గురిపెట్టి ఆపే బయోలాజిక్ ఇంజెక్షన్లలో మొదటిది 1998లో వచ్చింది. అవి చాలా ఖరీదు, పైగా వాడేముందు టీబీ లేదని పరీక్ష చేసి తీరాలి. అయినా ఇప్పుడు మన దేశంలోనే తయారవుతుండటంతో కొన్నిటి ధర మునుపటికన్నా దిగింది.

మందులకన్నా పెద్ద మార్పు ఇంకొకటి ఉంది. దాని గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో రోగుల్ని రెండు జట్లుగా చేసి చూశారు, 2004లో ఫలితం వచ్చింది. ఒక జట్టుకు మామూలుగా, ఎప్పటిలాగే వైద్యం. రెండో జట్టును ప్రతినెలా పిలిచి, కీళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూసి, వాపు లెక్కపెట్టి, జబ్బుకు మార్కులు వేసి, అనుకున్న స్థాయికి దిగకపోతే వెంటనే మందు పెంచడమో మరొకటి కలపడమో చేశారు. కొత్త మందులేవీ లేవు, ఉన్నవాటితోనే. ఏడాదిన్నర తర్వాత చూస్తే మామూలు జట్టులో నూటికి 16 మందిలో జబ్బు సద్దుమణిగింది, రెండో జట్టులో 65 మందిలో. కొలిచి, వెంటపడి, మార్చడం వల్ల వచ్చిన తేడా అది. మీ మేనత్తగారికి దొరకనిది ఇదే.

సద్దుమణగడం అంటే జబ్బు పోవడం కాదు. ఈ మాట మీకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారో లేదో. మందుల మీద ఉంటూనే వాపు లేకుండా, పొద్దుటి బిగుసుకోవడం లేకుండా, కొత్తగా కీలు దెబ్బతినకుండా ఏళ్ల తరబడి ఉండటం. ఇప్పటికే కీలు ఎక్కడైనా అరిగి ఉంటే అది వెనక్కి రాదు. అందుకే చేతులకు, పాదాలకు ఎక్స్‌రే ఒకసారి తీయించుకుని, ఎక్కడున్నామో తెలుసుకోవడం మంచిది.

ఇప్పుడు మీ ఉత్తరంలోని ఒక మాట చూద్దాం. "ఆశ పెట్టుకున్న ప్రతిసారీ ఒక ఎటాక్ వచ్చి పడేస్తోంది" అన్నారు. ఏం ఆశ పెట్టుకున్నారు? పొడి మందు కథ చదివితే తెలిసిపోతోంది. ఇక రాదు, పోయింది, మాత్రలు అక్కర్లేదు అనుకున్నారు. అలాంటి ఆశను ఒక్క ఎటాక్ చాలు పడగొట్టడానికి. "ఆరు నెలల్లో పొద్దుటి బిగుసుకోవడం గంటన్నర నుంచి అరగంటకు రావాలి" అనుకున్నారనుకోండి, మధ్యలో నాలుగు రోజులు తిరగబెట్టినా ఆ ఆశ ఎక్కడికీ పోదు. ఈ జబ్బు తిరగబెడుతూ ఉంటుందని అందులో ముందే లెక్క ఉంది. ఆశ లేకుండా బతకడం హాయి కాదు. తప్పుడు చోట పెట్టిన ఆశ లేకుండా బతకడం మాత్రం హాయే.

గడువు నేను ఊరికే పెట్టలేదు. కీళ్లవాతం డాక్టర్లు పాటించే పద్ధతే అది. మందు మొదలుపెట్టిన లేదా మార్చిన మూడు నెలలకు మెరుగు కనిపించాలి, ఆరు నెలలకు లక్ష్యం చేరాలి. చేరకపోతే మందు మార్చే ఆలోచన చేయాలి. ఐదేళ్లుగా అదే చీటీని తిరగరాయించుకుని వస్తున్నారేమో అని నా అనుమానం. వచ్చేసారి రెండు ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లండి: "నా డాస్28 స్కోరు ఎంత? దాన్ని ఎంతకు దింపాలనుకుంటున్నారు?" ఇరవై ఎనిమిది కీళ్లను చూసి, రక్తపరీక్ష కలిపి వేసే లెక్క అది. 2.6 కన్నా తక్కువుంటే సద్దుమణిగినట్టు. అడిగినందుకు విసుక్కునే డాక్టరైతే, కీళ్లవాతానికే ప్రత్యేకమైన రుమటాలజిస్టును ఒకసారి కలవండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఖమ్మం నుంచి ఒక రోజు పని.

పొడి మందు సంగతి. పరీక్ష చేయించకుండా అందులో ఏముందో నేను తేల్చి చెప్పలేను. కానీ వారంలో నొప్పులు మాయమవడం, ముఖం గుండ్రంగా ఉబ్బడం, ఆపగానే మంచం పట్టడం, ఈ మూడూ కలిస్తే ఏ డాక్టరైనా మొదట అనుమానించేది స్టెరాయిడ్‌నే. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కదల్లేని ఒక యువతికి మొదటిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి తిరిగింది. లోకమంతా దాన్ని అద్భుతం అంది, 1950లో ఆ పరిశోధనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఉబ్బిన ముఖాలు, పెళుసుబారిన ఎముకలు, పెరిగిన షుగరు ఆ వెనకాలే వచ్చాయి. అంతటి వైద్యులే ఆ తొలి వారాల్లో మురిసిపోయారు. మీరు మోసపోయారని మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర్లేదు. పొడి వాడిన సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పండి. మీ ఇంట్లో గానీ చుట్టాల్లో గానీ ఎవరైనా ఇంకా అలాంటిది వాడుతుంటే ఉన్నపళంగా ఆపవద్దని, డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించుకోవాలని చెప్పండి. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. వంకాయ వద్దు, పెరుగు వద్దు, చింతపండు వద్దు అనేవాళ్లకు మాత్రం నవ్వి ఊరుకోండి. మీకు ఏదైనా పడకపోతే అది మానేస్తే చాలు.

ఆదివారాలు. ఈ జబ్బు ఉన్న చాలామందికి ఆ మాత్ర చూడగానే, ఇంకా మింగకముందే వికారం మొదలవుతుంది. ఇది మీ ఒక్కరి పిచ్చి కాదు, డాక్టర్లకు బాగా తెలిసిన విషయమే. భరించాలని కూడా లేదు. రాత్రి భోంచేశాక వేసుకుని పడుకోవచ్చు, ఆరోజు మోతాదును రెండు పూటలుగా విడగొట్టొచ్చు, ఈ మందుతో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మోతాదు సరిచూసుకోవచ్చు, మాత్రకు బదులు చర్మం కిందికి ఇచ్చే ఇంజెక్షన్‌కు మారొచ్చు. వీటిలో ఏది మీకు తగునో డాక్టరును అడగండి, మీ అంతట మీరు చేయకండి. మాత్ర వేసుకునే రోజు కూడా ఆదివారమే కానక్కర్లేదు. వారానికి ఉన్న ఒక్క సెలవును ఆ మాత్రకు ఎందుకివ్వాలి? రోజు మార్చుకోవాలంటే ఎలాగో అడిగి మార్చుకోండి. ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ తెలిసేలా అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయండి: వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రమాదం. ఇంకో బిడ్డ ఆలోచన ఏమైనా ఉంటే ముందుగానే చెప్పాలి, ఈ మందు మీద ఉండగా గర్భం రాకూడదు.

ఇంటి పనుల గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. అంటే అన్నీ మీరే చేస్తున్నారన్నమాట. సిలిండరు అయిపోవస్తోందని తెలిసిన రోజు మనం ఏం చేస్తాం? అన్నం, పప్పు ముందు పొయ్యెక్కించేసి, అప్పడాలు వేయించే పని పెట్టుకోం. అప్పడాలు లేవని ఆ పూట ఎవరూ పస్తుండరు. ఒంట్లో శక్తి తక్కువున్న రోజున కూడా అదే తీరు. బట్టలు పిండటం, బిందె ఎత్తడం, కుక్కరు మూత తిప్పి తీయడం, చపాతీ పిండి కలపడం, ఈ నాలుగూ మణికట్టును, వేళ్లను ఎక్కువ బాధించే పనులు. వీటిని మీవారికి అప్పగించండి. "కాస్త సాయం చేయండి" అంటే అది ఎవరి పనీ కాకుండా పోతుంది. "బట్టలు పిండి ఆరేయడం ఇక మీది" అని చెప్పండి. నమ్మకం గురించి మాట్లాడే ఓపిక ఉన్న మనిషికి దుప్పటి పిండే ఓపికా ఉంటుంది. అలాగని చేతులు కదపకుండా కూర్చోమని కాదు. ఫిజియోథెరపిస్టు నేర్పే వేళ్ల వ్యాయామాలు రోజూ చేస్తే చేతుల పనితీరు మెరుగవుతుందని ఇంగ్లండులో చేసిన ఒక పెద్ద పరిశీలనలో తేలింది, 2015లో అచ్చయింది. పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచి మెల్లగా ముడిచి తెరిస్తే బిగువు కొంత సడలుతుంది.

రెన్వార్ కథ నిజమే. యాభై ఏళ్ల వయసులో ఈ జబ్బు మొదలై, వేళ్లు లోపలికి ముడుచుకుపోయినా 1919లో చనిపోయేదాకా బొమ్మలు వేశాడు. అయితే ఆ వాట్సాప్ సందేశంలో లేనిది ఒకటుంది. ఆయన ఇంట్లో వంట చేసేవాళ్లున్నారు, చేతిలో కుంచె పెట్టేవాళ్లున్నారు, కుర్చీలో మోసుకెళ్లేవాళ్లున్నారు. పొద్దున ఎనిమిదింటికి టిఫిన్ డబ్బా కట్టి, తొమ్మిదిన్నరకు హాజరు పట్టీలో సంతకం పెట్టాల్సిన పని ఆయనకు లేదు. గెలిచినవాళ్ల కథలు మంచివే, కానీ నొప్పిలో ఉన్న మనిషి చేతిలో పెడితే అవి బెత్తంలా తగులుతాయి. మీ స్నేహితురాలికి కోపం లేకుండా చెప్పండి, కథలు వద్దు, తిరగబెట్టిన రోజు ఒక పీరియడ్ చూసుకుంటే చాలని.

పాప ప్రశ్నకు "ఛ, నీకెందుకు వస్తుంది" అని కొట్టిపారేయకండి. తొమ్మిదేళ్లు వచ్చాయి, అబద్ధం ఇట్టే పట్టేస్తుంది. కుటుంబంలో ఉంటే వచ్చే అవకాశం కాస్త పెరుగుతుంది, అంతకుమించి కాదు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి ఈ జబ్బు వచ్చినా రెండోవారికి వచ్చేది నూటికి సుమారు 15 మందికే. "చాలావరకు రాదమ్మా. వచ్చినా అమ్మమ్మ వాళ్ల కాలంలో లేని మందులు ఇప్పుడున్నాయి, నువ్వు పెద్దయ్యేసరికి ఇంకా వస్తాయి" అనండి. ఆ పిల్ల నిజంగా అడుగుతున్నది తన గురించి కాదేమో. మా అమ్మ ఏమైపోతుందోనని అడుగుతోందేమో కూడా చూడండి. కాసేపు పక్కన కూర్చోబెట్టుకుంటే తనే చెబుతుంది.

వార్షికోత్సవానికి ఒప్పుకోండి. కాకపోతే ఒప్పుకునే ముందే హెచ్ఎం గారితో మాట్లాడుకోండి. ఇంకో టీచరును మీతో కలిపి వేయాలి. రిహార్సల్స్ మధ్యాహ్న భోజనం తర్వాతే, పొద్దున్నే కాదు. స్టెప్పులు మీరు వేసి చూపించాల్సిన పని లేదు. ఐదో తరగతి పిల్లల్లో చురుకైనవాళ్లను ముందు నిలబెట్టి, మీరు కుర్చీలో కూర్చుని దిద్దొచ్చు. సరిగ్గా ఆ రోజే తిరగబెడితే రెండో టీచరు నడిపిస్తారు, దానికి మీరు ఎవరికీ క్షమాపణ చెప్పనక్కర్లేదు. ఇంకో మాట. ఈ వారమే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుని, ఫిబ్రవరిలో ఫలానా పని ఉందని కూడా చెప్పండి. మందు మార్చాలన్నా పెంచాలన్నా దాని ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది, జనవరిలో అడిగితే ఆలస్యమైపోతుంది.